లారీ యెవరిది?

ఒక గృహస్థు ఇల్లు కొనెను. వెల చెల్లించెను, రిజిస్ట్రేషను చేయించుకొనెను, ఏటేట పన్ను కట్టుచున్నాడు. ఏడేండ్లకు వీధితలుపు తాళము చెడెను. తాళములు బాగుచేయువాడు వీధి చివరనే కలడు. కాని యిల్లమ్మినవాడు వచ్చి, "ఈ తాళమును మేము దక్క మఱియెవరును ముట్టరాదు, క్రొత్తది మాయొద్దనే కొనవలెను, కొన్నను మా యూరినుండి మేము మంత్రము చెప్పినగాని అది తిరుగదు, అంతవఱకు మీరు అరుగుమీద పండుకొనుడు" అనెను. ఇట్టి మాట యెవడైన ననినచో ఊరివారు నలుగురును గూడి వానికి బుద్ధి చెప్పుదురు. లారీ కంపెనీలు ఇదే మాట చెప్పుచుండగా మాత్రము మనము రసీదు పుచ్చుకొని, నమస్కారము పెట్టి, ఇంటికి వచ్చుచున్నాము.

నేను చెప్పుచున్నది ఇంజనునకు మెదడువంటి కంప్యూటరును గూర్చి. షెడ్లలో దీనిని ఈ.సీ.ఎం. అందురు, కొందఱు ఈ.సీ.యూ. అందురు. చూచుటకు ఒక అల్యూమినియము పెట్టె, దానికి రెండుమూడు లావుపాటి కనెక్టర్లు, అంతే. ఏ సిలిండరులోనికి ఏ క్షణమున ఎంత డీజిలు చిమ్మవలెనో నిర్ణయించునది అదియే. అమెరికాలో డెట్రాయిట్ డీజిల్ వారి సిరీస్ 60 ఇంజను 1987లోనే ఎలక్ట్రానిక్ నియంత్రణతో బజారునకు వచ్చినది. మన దేశమున 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుచే ఏప్రిల్ 1 నుండి బీ.ఎస్. 3 బండ్ల అమ్మకమును, రిజిస్ట్రేషనును నిలిచిపోయినవి. 2020 ఏప్రిల్ 1 నుండి బీ.ఎస్. 6 వచ్చినది. అంతకుముందును కొన్ని లారీలలో ఈ పెట్టె కలదు. అటుపిమ్మట అది లేని క్రొత్త లారీ అరుదైనది. దానివలన పొగ తగ్గినది, డీజిలు ఆదా అయినది. కాదనుటకు నేను వెనుకటి కాలమును తలచి కన్నీరు పెట్టువాడను గాను. నా తగవు పెట్టెతో కాదు, పెట్టెకు వేసిన తాళముతో. ఆనాడు క్రొత్తగా కొన్న లారీలే నేడు పాతబడినవి. అప్పులు తీరకముందే వాని మెదడులు చెడుచున్నవి.

ఈ పెట్టె చచ్చుటకు కారణములు దైవికములు కావు. పెక్కు లారీలలో దీనిని ఇంజనుకే బిగింతురు. ఇంజను వేడి, గతుకుల అదురు, వానకాలపు తేమ దానిని నిత్యము కొట్టుచుండును. కొన్ని ఇంజన్లలో దీనిని చల్లబఱచుటకై వెనుకనుండి డీజిలును పారింతురనిన, ఆ వేడి యెట్టిదో యూహించుకొనవచ్చును. ఏండ్లు గడచుకొలది లోపలి కెపాసిటర్లు ఎండును. సన్నని టంకములు బీటలు వాఱును. ఛాసిస్‌మీద వెల్డింగు చేయునపుడు బ్యాటరీ తీగలను, పెట్టె కనెక్టర్లను ఊడదీయని వెల్డరు నిమిషములో దానిని చంపగలడు. బ్యాటరీ దిగినపుడు ప్రక్క లారీనుండి తీగలు తగిలించుచు ప్లస్సును మైనస్సును తాఱుమాఱు చేసిన క్లీనరును చంపగలడు. ఇంజెక్టరు లోపలి తీగచుట్ట షార్టయినచో, దానికి కరెంటు నిచ్చు ట్రాన్సిస్టరు పెట్టెలో మాడును. ఆ యింజెక్టరును చూడక పెట్టెను మాత్రము మార్చినవాడు క్రొత్త పెట్టెను గూడ అదే చితిమీద పెట్టినవాడగును.

అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. చచ్చినవని చెప్పబడిన పెట్టెలన్నియు చచ్చినవి కావు. ఇంజను వేడెక్కగానే ఆగిపోవుట, చల్లారగానే మరల లేచుట, ఒకదానితో నొకటి పొసగని తప్పు సంకేతములు గుంపుగా కనబడుట, స్కానరు పలుకరించిన పెట్టె పలుకకుండుట—ఇవి పెట్టె రోగమునకు లక్షణములే. కాని నీరసించిన బ్యాటరీకిని, తుప్పుపట్టిన ఎర్తు తీగకును, చిలుము పట్టిన కనెక్టరునకును, కాలిన రిలేకును ఇవే లక్షణములు. సెన్సార్లకు పెట్టెనుండి అయిదు వోల్టుల కరెంటు పోవుచుండును. ఒక్క సెన్సారు షార్టయినచో ఆ యైదు వోల్టులు పడిపోయి, ఇంటిలో ఒకనికి జ్వరము వచ్చిన అందఱును మంచమెక్కినట్లు, ఆ తీగమీది సెన్సార్లన్నియు చెడినట్లు తోచును. తెలిసిన ఎలక్ట్రీషియను వానిని ఒక్కొక్కటిగా ఊడదీసి చూచును. ఏది తీయగానే అయిదు వోల్టులు తిరిగివచ్చునో అదియే దొంగ. స్టార్టరు తిరుగుచుండగా ఎర్తు తీగ రెండు కొనలకు మీటరు ఆనించి, నడుమ ఎన్ని వోల్టులు పోవుచున్నవో కొలుచును. ఇందులకు కావలసినవి ఒక మీటరు, ఒక దీపము, వైరింగు పటము, ఓపిక. మీటరును దీపమును బజారులో దొరకును. ఓపిక విజయవాడ ఆటోనగరులో కావలసినంత కలదు. పటము కంపెనీవారి బీరువాలో నున్నది.

సరే, పెట్టె నిజముగనే చచ్చినదనుకొందము. పూర్వము డీజిలు పంపు చెడినచో దానిని విప్పి, అరిగినది మార్చి, బల్లమీద పెట్టి కొలతలు సరిచూచి బిగించు పనివారు ప్రతి పట్టణమునను ఉండిరి. ఇప్పుడో, క్రొత్త పెట్టె చేతికి వచ్చినను అది ప్రాణము పోయని మట్టిబొమ్మ. ఆ ఇంజను రకమునకు, ఆ హార్సుపవరుకు తగిన ప్రోగ్రామును దానిలో నెక్కింపవలెను. లారీ ఛాసిస్ నెంబరు వ్రాయవలెను. ప్రతి ఇంజెక్టరు తలపై చెక్కియుండు గుర్తుల నెక్కింపవలెను. లేనిచో ఏ సిలిండరుకు ఎంత డీజిలో తెలియక ఇంజను కొట్టుకొనును, పొగ చిమ్మును. దొంగతనమును నివారించు ఏర్పాటు గల బండ్లలో తాళపుచెవికిని పెట్టెకును పరిచయము చేయవలెను. ఇవన్నియు మనుష్యమాత్రులు చేయరాని పనులు కావు. సాఫ్టువేరు ఎదుటనున్నచో కూర్చుండి చేసికొన్న కొద్దిసేపటి పని. కాని యా సాఫ్టువేరును, దానికి జవాబు చెప్పు సర్వరును, ప్రవేశమునకు పాస్‌వర్డును కంపెనీవి. పోనీ, తుక్కులో పడిన మఱియొక లారీనుండి పెట్టె తెచ్చి బిగింతమన్న, అది పాత యజమాని కొట్టమునే వెదకు ఎద్దువలె మొరాయించును. అమ్మినది ఎద్దును, పలుపు మాత్రము అమ్మినవాని చేతిలోనే యున్నది.

నా కక్షిదారుడొకడు కలడు. ఒక్క లారీకి యజమాని, తానే డ్రైవరు. 2018లో అప్పుచేసి కొన్న బండి. మిట్టవేసవిలో, ధాన్యపు లోడుతో పోవుచుండగా హైవేమీద ఇంజను ఆగినది. సాయంకాలము చల్లారగానే లేచినది; మఱునాడు మధ్యాహ్నము మరల ఆగినది. లారీని ఈడ్పించుకొని కంపెనీ డీలరు వర్కుషాపునకు చేర్చెను. అచ్చట స్కానరు తగిలించి చూచి, పెట్టె పోయినదనిరి. బ్యాటరీవద్ద, ఎర్తువద్ద కొలిచి చూచిన జాడ వారి జాబుకార్డులో లేదు. పెట్టె స్టాకులో లేదు, రావలెను. వచ్చుటకు ఇరువదియారు దినములు పట్టినది. ఆ లోపల లోడు మఱియొక లారీలో పోయినది, కిరాయి పోయినది, ఫైనాన్సు కంపెనీవారి ఫోను మాత్రము తప్పలేదు. పెట్టె బిగించిరి, వెల ఆయనకు రెండు నెలల వాయిదాలకు పైబడెను. ఇంజను లేచినది. మూడవనాటి మధ్యాహ్నము మరల ఆగినది.

అప్పుడాయన లారీని ఆటోనగరులో ఒక చెట్టుక్రింద పని చేయు ఎలక్ట్రీషియనువద్దకు తెచ్చెను. అతడు పదవ తరగతి దాటనివాడు. పటము లేదు గనుక తీగలను చేతితో తడవుకొనుచు పోయెను. బ్యాటరీ పెట్టె క్రింద, ఛాసిస్‌కు బిగించిన ఎర్తు తీగ కొనయందు రంగుచాటున తుప్పు పట్టియుండెను. గీకి, శుభ్రపఱచి, క్రొత్త బోల్టుతో బిగించెను. ఆనాటినుండి లారీ తిరుగుచున్నది. "మఱి నా పాత పెట్టె మంచిదేనా?" అని మా వాడడిగినపుడు అతడు చెప్పిన మాట నా చెవిలో నేటికిని ఉన్నది: "ఇక్కడ పెడితే తెలిసేది బాబాయ్. ఏదీ?" పాత పెట్టె లేదు. మార్పిడి క్రింద కంపెనీవారు పుచ్చుకొనిరి. క్రొత్తదానిలో ఆ లారీ ఛాసిస్ నెంబరు ఎక్కినది గనుక వాపసు తీసికొనమనిరి.

మేము జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు వేసితిమి. కంపెనీవారి మొదటి జవాబు ఎర్తు తీగను గూర్చి కాదు, పెట్టెను గూర్చియు కాదు. లారీ వ్యాపారమునకు కొన్నది గనుక ఇతడు వినియోగదారుడే కాడట! 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2(7) సెక్షనులో, స్వయం ఉపాధిచే జీవనోపాధికై మాత్రమే వాడుకొనునది వ్యాపారము క్రిందికి రాదని వివరణ స్పష్టముగ నున్నది. తానే తోలుకొని తానే బ్రతుకువాడు వినియోగదారుడు కానిచో మఱెవడు? ఆ ఒక్క ప్రశ్నమీదనే ఇన్నాళ్లుగా వాదన జరుగుచున్నది. ఫైనాన్సు వాయిదా ఆగదు, కోర్టు వాయిదా తెగదు.

ఇక చట్టమును గూర్చి. పెట్టెలోని ప్రోగ్రాము మా బౌద్ధిక స్వత్వము, దానిని కాపీ చేయుట నేరమని కంపెనీల పక్షమున తఱచు వినుచుందుము. పాఠకులలో లారీ యజమానులున్నచో నా యీ మాటను కాగితముమీద వ్రాసి యుంచుకొనగోరుచున్నాను. 1957 నాటి కాపీరైటు చట్టములోనే 52(1)(ఏఏ) అను నిబంధన కలదు. కంప్యూటరు ప్రోగ్రాము ప్రతిని న్యాయముగ కలిగియున్నవాడు, అది యే పనికై సరఫరా చేయబడినదో ఆ పనికి వాడుకొనుటకై దాని ప్రతిని చేసికొనుట, తగినట్లు మార్చుకొనుట స్వత్వభంగము కాదు. నష్టము, నాశనము కలుగకుండ ముందుజాగ్రత్తగా ప్రతి తీసియుంచుకొనుటయు కాదు. చచ్చుచున్న పెట్టెలోని ప్రోగ్రామును, ఆ లారీకే బిగించు వేఱొక పెట్టెలోనికి మార్చుటకంటె ఈ మాటలకు సరిపడు ఉదాహరణము మఱియేమి కావలెను? 2012 సవరణచే వచ్చిన 65ఏ సెక్షను డిజిటల్ తాళములను పగులగొట్టువానికి రెండేండ్ల వఱకు శిక్ష విధించినమాట నిజమే. కాని ఆ శిక్ష స్వత్వభంగము చేయు ఉద్దేశముతో పగులగొట్టువానికి. చట్టము నిషేధింపని పనికై చేసినదానికి అది వర్తింపదని అదే సెక్షను రెండవ ఉపసెక్షను చెప్పుచున్నది. కనుక మన చట్టము యజమాని ప్రక్కనే యున్నదని నా అభిప్రాయము. ఉండియు ప్రయోజన మేమి? తెఱచుటకు హక్కు ఇచ్చి, తాళపుచెవి ఇమ్మని మాత్రము ఏ కంపెనీనిని అది ఆజ్ఞాపింపలేదు. చెవి లేనివాడు దొంగచెవికై పోవును. విదేశములలో ఎవడో తస్కరించి అమ్మిన సాఫ్టువేరు లాప్‌టాపులలో దిగుచున్నది. దానితో పని చేయు మేస్త్రి సగము సమయము పనిలోను, సగము సమయము భయములోను గడపుచున్నాడు. అతనిని దొంగ యనువారు, అతనికి దొడ్డిదారి తప్ప వేఱు దారి యుంచనివారిని ఏమందురు?

కంపెనీలకు ఈ విషయమున ఒకసారి దెబ్బ తగిలినది. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషను కార్ల కంపెనీలు 14 టిమీద 2,544 కోట్ల రూపాయలకు పైబడిన జరిమానా విధించినది. విడిభాగములను, రోగనిర్ణయ పరికరములను బయటి మేస్త్రీలకు అందనీయక బజారును బిగించిరన్నదే నేరము. బౌద్ధిక స్వత్వమను డాలును వారచ్చటను ఎత్తిరి. కమిషను దానిని అంగీకరింపలేదు. విడిభాగములను, పరికరములను అందుబాటులో నుంచుమని ఆజ్ఞాపించినది. అప్పీళ్లు, రిట్లు వచ్చినవి. మూడు కంపెనీల అప్పీళ్లలో ట్రిబ్యునలు 2016 డిసెంబరులో జరిమానాను తగ్గించినదే గాని, తప్పు జరిగినదన్న నిర్ణయమును తీసివేయలేదు. కాని యా తీర్పు కార్లను గూర్చి. కారు ఆగినవాడు ఆటోలో కచ్చేరికి పోవును. లారీ ఆగినవాని పొయ్యి ఆగును. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి కమిటీ వేసినది. మోటారు వాహనములును దాని పరిధిలోనివే. ఆ డిసెంబరులో ఒక పోర్టలు తెఱచిరి. తాళము వేసితిని, గొళ్లెము మఱచితిననిన సామెత చందమున, అందు చేరుట కంపెనీల యిష్టమునకు విడిచిరి. ఇష్టమే యున్నచో ఈ వ్యాసమే యవసరము లేదు.

కంపెనీల పక్షమున చెప్పు వాదములలో గట్టిది ఒకటున్నది. దానిని దాటవేయుట న్యాయము కాదు. పెట్టె తెఱచినచో మేస్త్రీలు కాలుష్య నియంత్రణను తప్పింతురు, యూరియా పోయకయే బండి నడచునట్లు చేయుదురు, ఊరి గాలి చెడును అని. మన షెడ్లలో అట్టి మోసగాండ్రు కలరు, నేనెఱుగుదును. వారిని పట్టుకొనుడు, శిక్షింపుడు, అడ్డుపడువారిలో నేనుండను. కాని తాళము వేసి యుంచినవారి చరిత్రను గూడ కొంచెము చూతము. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ కంపెనీ బండారము బయటపడినది: పరీక్ష జరుగుచున్నదని పెట్టెయే కనిపెట్టి, అప్పుడు మాత్రము శుద్ధముగ నడచి, రోడ్డుమీద విషము చిమ్మునట్లు వారే ప్రోగ్రాము వ్రాసిరి. దానిజాడ తీసినది కంపెనీకి బయట, రోడ్డుమీద బండి నడపి కొలిచిన వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు. ఇక ట్రక్కుల ఇంజన్లలో పేరుమోసిన కమిన్స్ సంగతి. 2013 మొదలు 2019 వఱకు తయారైన రామ్ 2500, 3500 ట్రక్కులు సుమారు 6 లక్షల 30 వేలలో ఇట్టి తప్పింపు సాధనములుండెనని అమెరికా ప్రభుత్వము ఆరోపింపగా, 2024లో 167 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానాకు కట్టుబడిరి, తప్పు ఒప్పుకొనకయే. గాలిని కాపాడుటకై తాళపుచెవులు మాచేతనే ఉండవలెనని చెప్పువారి పెద్దఱికము ఇట్టిది. మూసిన పెట్టెలో మోసము చేసినవాడు మేస్త్రి కాడు.

దొంగతనపు భయమును గూర్చి రెండు మాటలు చాలును. తాళపుచెవుల రహస్య సంకేతములను, పరిశీలింపబడి నమోదైన బయటి పనివారికి ఇచ్చు ఏర్పాటు అమెరికాలో నడచుచున్నది. ఆర్.సీ. పుస్తకము చూచి, యజమాని గుర్తింపు చూచి, పేరు వ్రాసికొని పని చేయుట మనవారికి చేతకానిదా?

అమెరికాలోనైనను ఇవి కంపెనీల ఔదార్యముచే రాలేదు. 2012లో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు ఓటువేసి మరమ్మతు హక్కు చట్టమును తెచ్చుకొనిరి. నూటికి 86 మంది అనుకూలముగ ఓటు వేసిరి. ఆ వేడికి దిగివచ్చి కార్ల కంపెనీలు 2014లో దేశమంతటికిని వర్తించు ఒడంబడికపై సంతకము పెట్టినవి. 2015లో అచ్చటి కాంగ్రెసు లైబ్రేరియను, మరమ్మతుకై వాహనముల సాఫ్టువేరు తాళమును తెఱచుట నేరము కాదని మినహాయింపు ఇచ్చెను. మొదట అది యజమానికి మాత్రమే అనిరి, 2018లో అతని పక్షమున పని చేయు మేస్త్రికిని దారి దొరకినది. యజమానికి హక్కునిచ్చి మేస్త్రికి ఇవ్వకుండుట, రోగికి మందు త్రాగు హక్కునిచ్చి వైద్యుని ఊరిలోనికి రానీయకుండుట వంటిదని వారికి మూడేండ్లకు తెలిసినది. మనము ఆ మూడేండ్లు వ్యర్థము చేయ నక్కఱలేదు.

కావలసిన శాసనము పెద్దది కాదు. లారీని అమ్మిన కంపెనీ, దాని వైరింగు పటమును, తప్పు సంకేతముల అర్థములను, ప్రోగ్రామును ఎక్కించు సాధనమును, డీలరుకు ఇచ్చు షరతులమీదనే, న్యాయమైన వెలకు, అడిగిన ప్రతి మేస్త్రికిని ఇయ్యవలెను. ఉచితముగ నిమ్మని యెవరును అడుగలేదు. ఆ రకపు లారీలకు ఫిట్‌నెస్ దొరకుచున్నంతకాలము పెట్టె బజారులో దొరకవలెను. మేము దానిని చేయుట మానితిమనువారు, చేయగోరు మఱియొకరికి దాని వివరముల నియ్యవలెను. పెట్టె మార్చుమని చెప్పు వర్కుషాపు, బ్యాటరీ, ఎర్తు, అయిదు వోల్టులు ఏమి చూచినదో జాబుకార్డుమీద అంకెలతో వ్రాసి సంతకము చేయవలెను. ఇందులో కడపటిదానికి శాసనమువఱకు ఆగ నక్కఱలేదు. యజమానులారా, రేపే అడుగుడు. వ్రాతమూలకముగ అడుగుడు. ఇయ్యమన్నచో ఆ మాటను గూడ వ్రాతమూలకముగనే పుచ్చుకొనుడు. మార్పిడి తగ్గింపు ఎంత చూపినను, బయట ఒకరిచే పరీక్ష చేయించువఱకు పాత పెట్టెను చేయి విడువకుడు. దావాలో నాకు కావలసినవి ఉపన్యాసములు కావు, ఇట్టి కాగితములు, ఇట్టి పెట్టెలు.

మా కక్షిదారుని పాత పెట్టె నేడెచ్చట నున్నది, దానిని పరీక్షించిరా, పరీక్షించినచో ఏమి తేలినది, బాగుచేసి మఱియొక లారీవానికి అమ్మిరా అని మేము కంపెనీకి ప్రశ్నలు వేసియున్నాము. జవాబునకు వారు మరల గడువు కోరిరి. వచ్చే నెలలో వాయిదా.